ఓరుగల్లు కోటలో ఒక రోజు: మనవాళ్ల గుర్తు ఎక్కడ?

(యువజన సమ్మేళనంలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం పెద్దలు మమ్మల్ని ఏదైనా మాట్లాడమన్నప్పుడు మేము పెద్ద విషయమేదీ ఎంచుకోలేదు. ఒక్కరోజు యాత్ర ముచ్చట చెప్పి దిగిపోదామనుకున్నాం. కానీ ఆ ముచ్చట రాసుకుంటూ పోతుంటే అది యాత్ర దగ్గర ఆగలేదు. మన ఇళ్లలోకి, అటకల మీదికి, ఊరి చివర రాళ్ల దగ్గరికి వచ్చింది. అందుకే ఇవాళ అదే చెబుతాం.

గోదావరిఖని, రామగుండం, ఎన్టీపీసీ, యైటింక్లయిన్ కాలనీల నుంచి మేము ఇరవై ఇద్దరం కలిశాం. మాలో గోండులు ఉన్నారు, కోయలు ఉన్నారు, నాయకపోళ్లు ఉన్నారు, కొలాం పిల్ల ఒకతి ఉంది. కొందరు డిగ్రీ, కొందరు ఐటీఐ. ఇద్దరు కాంట్రాక్టు పనికి పోతారు. ఆ ఇద్దరిలో ఒకతను నైట్ షిఫ్ట్ దిగి, మొహం కడుక్కుని నేరుగా స్టేషనుకే వచ్చాడు. రామగుండంలో రైలెక్కితే పెద్దపల్లి, జమ్మికుంట దాటి కాజీపేటలో దిగాం. అక్కడి నుంచి హనుమకొండ మీదుగా ఆటోల్లో ఖిలా వరంగల్. సద్ది మూటలు, నీళ్ల సీసాలు, ఫోన్లు. నిజం చెప్పాలంటే మాలో ఎక్కువమంది ఫొటోల కోసమే వచ్చారు. అందులో దాచుకోవడానికేం లేదు.

కోట నడిబొడ్డున ఉన్న ఆవరణలోకి టికెట్ తీసుకుని వెళితే అది గుడిలా ఉండదు, మ్యూజియంలా కూడా ఉండదు. పైన కప్పు లేదు. పచ్చగడ్డి మీద, అరుగుల మీద, ఎండలో వరుసలు కట్టిన రాళ్లు. విరిగిన స్తంభాలు, చెక్కిన దూలాలు, పద్మాలు తొలిచిన పైకప్పు పలకలు, ముక్కు పోయిన నందులు, తొండం పోయిన ఏనుగులు, సింహాలు, రాతి జాలీలు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. ఒకప్పుడు ఇక్కడ స్వయంభూ శివాలయం ఉండేది. ఆ గుడి పోయింది. నాలుగు వాకిళ్లు మిగిలాయి. గుడి ముక్కలను పురావస్తు శాఖవాళ్లు సేకరించి అక్కడే ఆరుబయట పేర్చారు. అందుకే అది శిల్పాల తోటలా కనిపిస్తుంది. చెట్ల మధ్య తిరిగినట్టు రాళ్ల మధ్య తిరగొచ్చు.

ఆ తోరణాన్ని మీరందరూ చూశారు. చూడలేదంటే మీ సర్టిఫికెట్ తీసి చూడండి. 2014లో తెలంగాణ ఏర్పడ్డప్పుడు రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు పెట్టింది ఈ కాకతీయ తోరణాన్నే. కుల ధ్రువీకరణ పత్రం మీద, ఆదాయ పత్రం మీద మన పేరు పక్కన ఉండేది అదే. ఇన్నేళ్లు జేబులో పెట్టుకుని తిరిగిన గుర్తు ముందు నిలబడితే, అది సుమారు ముప్పై అడుగుల ఎత్తున ఉంది. మెడ వెనక్కి వంచాల్సి వచ్చింది.

కోట లోపలే పుట్టి పెరిగిన ఒక పెద్దమనిషి మా వెంట నడిచాడు. ఆయన గైడు కాదు. మేము గోల చేస్తుంటే మందలించడానికి వచ్చి, తర్వాత మాతోనే తిరిగాడు. కోటలోపల ఇప్పటికీ ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. ఆ మట్టి గోడలు, రాతి గోడలు చూస్తూ పెరిగిన మనిషి ఆయన. ఆయన చెప్పిన లెక్క ఇది. గణపతిదేవుడి కాలంలో రాతి కోట మొదలైంది. ఆయన 1199 నుంచి 1262 దాకా ఏలాడు. కూతురు రుద్రమదేవి దాన్ని పూర్తి చేసింది. రాతి కోటకు 45 బురుజులు. దాని చుట్టూ అగడ్త, ఆ బయట మట్టి కోట. 1323లో ప్రతాపరుద్రుడి కాలంలో ఢిల్లీ సైన్యం ముట్టడితో అంతా కూలింది. అంటే ఈ రాళ్లు కిందపడి ఏడు వందల ఏళ్లు దాటింది.

"పిల్లలూ, రాయిని దూరం నుంచి చూడకండి. దగ్గరికి పోయి, పక్క నుంచి చూడండి" అన్నాడాయన. అది మంచి మాట, మీరూ గుర్తుపెట్టుకోండి. ఎదురుగా నిలబడితే బొమ్మ కనబడుతుంది. ఎండ వాలినప్పుడు పక్క నుంచి చూస్తే ఉలి దెబ్బ కనబడుతుంది. ఒక నల్లరాతి స్తంభం అద్దంలా మెరుస్తుంది. దాని అడుగున, నేలలో దిగే భాగంలో మాత్రం ఉలి గరుకు అలాగే ఉంది. కనబడని చోట నునుపు చేసి పొద్దు వృథా చేసుకోలేదు పనివాడు. ఒక రాతిలో బొడిపె, పక్క రాతిలో గుంట. సున్నం లేకుండా ఒకదాంట్లో ఒకటి కూర్చునేలా చేశారు. తోరణం పైన హంసలు, కింద పూలదండలు, తామర మొగ్గలు.

ఒక బండ అంచున వరుసగా చిన్న గుంటలు కనబడ్డాయి. రాయిని చీల్చడానికి చీలలు దిగ్గొట్టిన గుర్తులవి. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన మా తమ్ముడు వాటి మీద వేళ్లు పెట్టి, "మా నాన్న బొగ్గు గోడకు డ్రిల్లు వేసే వరుస అచ్చం ఇట్లనే ఉంటదట" అన్నాడు. అప్పటిదాకా ఆ రాళ్లు రాజులవి. ఆ మాటతో అవి పనివాళ్లవి అయ్యాయి. తట్ట, చెమ్మస్ పట్టిన తాతలు మనకున్నారు. రాయి కొట్టడం అంటే ఏమిటో, భుజం కాయ కాయడం అంటే ఏమిటో మన ఇళ్లలో తెలుసు. ఇన్ని బండలను గుట్ట నుంచి ఇక్కడికి లాగినవాళ్ల పేర్లు ఏ స్తంభం మీదా మాకు కనబడలేదు.

అప్పుడే మాలో ఒక చెల్లె అడిగింది. కోయ పిల్ల. ఇంటర్ చదువుతోంది. "అన్నా, ఇన్ని రాళ్లున్నయి గదా. ఇందులో మనవాళ్లు ఎక్కడ?"

మేము నవ్వబోయి ఆగిపోయాం. ఎందుకంటే ఆ పిల్ల ఊరికే అడగలేదు. అది నిలబడ్డ చోటు ప్రతాపరుద్రుడి కోట. మేడారం కథలో కప్పం కట్టమని సైన్యాన్ని పంపిన రాజు పేరు కూడా ప్రతాపరుద్రుడే. కరువొచ్చి పంట పోయింది, కప్పం కట్టలేమని పగిడిద్దరాజు అన్నాడు. సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, నాగులమ్మ, సారలమ్మ, గోవిందరాజు ఒక్కొక్కరే నేలకొరిగారు. జంపన్న సంపెంగ వాగులో పడ్డాడు, అది జంపన్న వాగయింది. సమ్మక్క గాయాలతోనే చిలకలగుట్ట వైపు నడిచి కనబడకుండా పోయింది. వెతికినవాళ్లకు చెట్టు కింద కుంకుమ భరిణె దొరికింది. ఈ కథ మనకు శాసనం నుంచి రాలేదు. నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి వచ్చింది.

ఆ చెల్లె ప్రశ్నకు మాలో రెండు జవాబులు వచ్చాయి. కాసేపు గట్టిగానే వాదించుకున్నాం. సద్ది విప్పింది అక్కడే, తోరణం బయట చెట్టు నీడన.

ఒకరు అన్నారు: "గెలిచినోళ్లు చెక్కించుకుంటరు. మనకు చెక్కించే శక్తి లేకపోయింది. ఇప్పుడన్నా మనవాళ్ల విగ్రహాలు ఊరూరా పెట్టాలి." ఈ మాటలో నిజముంది. జోడేఘాట్‌లో కుమ్రం భీం విగ్రహం ముందు నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు, అక్కడ వెన్ను దానంతట అదే నిటారవుతుంది. 1940లో ఆయన నేలకొరిగిన గుట్టల్లో ఆయన రూపం నిలబడటం చిన్న విషయం కాదు.

ఇంకొకరు అన్నారు: "మేడారం గద్దె మీద విగ్రహం ఏది?" అందరం ఒక్క నిమిషం ఆలోచించాం. లేదు. సమ్మక్క అంటే చిలకలగుట్ట నుంచి వచ్చే కుంకుమ భరిణె. గద్దెల మీద నిలిచేది అడవి నుంచి తెచ్చిన వెదురు. రెండేళ్లకోసారి మాఘమాసంలో అంత జనం వస్తారు. 1996లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది. అంత పండుగకు ఒక్క విగ్రహం అవసరం పడలేదు. మనవాళ్లకు చెక్కడం చేతగాక కాదు. దేవత అడవిలో ఉంటుంది, పిలిస్తే వస్తుంది, పండుగ అయ్యాక తిరిగి పోతుంది. అది మన పద్ధతి. రాతిలో బంధించి పెట్టుకోవడం మన పద్ధతి కాదు.

రెండు మాటలూ విన్నాక మాకు ఒకటి అర్థమైంది. ఇవాళ మీకు చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. రాయి మీద రాసుకున్నవాళ్లు ఏడు వందల ఏళ్లు మరిచిపోయినా వాళ్ల గుర్తు పోలేదు. కూలి, మట్టిలో కప్పబడి, మళ్లీ బయటికి తీస్తే హంస హంసలాగే ఉంది. రాయి ఎవరి కోసమైనా ఎంతకాలమైనా ఆగుతుంది. మన గుర్తు పాటలో ఉంది, డోలు దెబ్బలో ఉంది, చెక్క ముఖంలో ఉంది, నడిచే కాళ్లలో ఉంది. అది ఆగదు. ఒక్క తరం నేర్చుకోకపోతే చాలు, తవ్వి తీయడానికి కింద ఏమీ ఉండదు.

దీనికి ఉదాహరణ ఈ రాళ్ల దగ్గరే ఉంది. ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిల్పి పేరుతో పిలిచే గుడి అని చెప్పుకుంటారు. ఆ గోడల మీద నర్తకుల భంగిమలున్నాయి. కాకతీయుల కాలంలో జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి అనే గ్రంథం ఉంది. పేరిణి అనే నాట్యం మాత్రం ఆడేవాళ్లు లేక పోయింది. ఆచార్య నటరాజ రామకృష్ణ గత శతాబ్దంలో ఆ గ్రంథాన్ని చదివి, ఆ శిల్పాలను చూసి పేరిణికి తిరిగి ప్రాణం పోశారు. రాయి ఉంది కాబట్టి, పుస్తకం ఉంది కాబట్టి వందల ఏళ్ల తర్వాత కూడా అది సాధ్యమైంది.

మన గుస్సాడీ ఒకసారి ఆగిపోతే ఏ గోడను చూసి తిరిగి నేర్చుకుంటాం? మార్లవాయికి చెందిన కనకరాజు గారు గుస్సాడీకి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో మనల్ని విడిచి వెళ్లారు. మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలు పట్టి సమ్మక్క సారలమ్మల చరిత్ర, కోయ వంశాల చరిత్ర గానం చేసేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయనా 2024లోనే వెళ్లిపోయారు. మణుగూరు మనలాగే బొగ్గు ఊరు. ఒక్క ఏడాదిలో ఇద్దరు. అవార్డు వార్తను మనమంతా స్టేటస్ పెట్టుకున్నాం. వాళ్ల దగ్గర కూర్చుని ఒక్క దరువు నేర్చుకున్నవాళ్లం మా ఇరవై రెండు మందిలో ఒక్కరూ లేరు. ఇది మిమ్మల్ని అనడం లేదు, మా గురించి మేమే చెప్పుకుంటున్నాం.

తిరుగు రైల్లో ముచ్చట్లు మారాయి. ఒక నాయకపోడు తమ్ముడు వాళ్లింటి అటక గురించి చెప్పాడు. అక్కడ పాత చీరలో చుట్టి ఒక లక్ష్మీదేవర ముఖం ఉంది. చెక్కతో చేసిన గుర్రపు మొహం, మీద రంగులు. తాత బతికి ఉన్నప్పుడు కొలుపు నాడు తలకెత్తుకుని ఆడేవాడు. తాత పోయాక అది కిందికి దిగలేదు. ఈమధ్య ఎవరో వచ్చి, మంచి ధర ఇస్తాం, అమ్ముతారా అని అడిగారట. ఇంట్లో అప్పుంది. వాళ్లమ్మ వద్దనలేదు, సరేననలేదు. "నాకు అది ఎట్ల ఎత్తుకోవాలో తెల్వది. తెల్వనిదాన్ని ఎందుకు ఉంచుకోవాలె?" అన్నాడు వాడు. మేమెవరం జవాబు చెప్పలేకపోయాం.

ఇంకొక అక్క వాళ్ల ఊరి సంగతి చెప్పింది. ఆ ఊరు ఓపెన్‌కాస్ట్ గని కింద పోయింది. పరిహారం సంగతి వేరు, దాని గురించి పెద్దలు మాట్లాడతారు. అక్క చెప్పింది ఊరి చివరి రాయి గురించి. గోండులు ఆకిపేన్ అంటారు, ఊరిని కాపాడే దేవుడు. ఇళ్లు ఖాళీ చేస్తున్నప్పుడు తలుపులు పీక్కుపోయారు, రేకులు పీక్కుపోయారు, వేప దూలాలు కూడా పీక్కుపోయారు. దేవుణ్ణి కదిలించాలంటే ఒక పద్ధతి ఉంది. ఎవరు పిలవాలి, ఏ పాట పాడాలి, ఏ వైపు మొహం పెట్టి కొత్త చోట నిలపాలి అన్నది తెలిసిన పెద్దాయన అంతకు రెండేళ్ల ముందే పోయాడు. ఆయన కొడుకుల్లో ఎవరూ అడిగి పెట్టుకోలేదు. పద్ధతి తెలియకుండా ముట్టుకోవడానికి అందరికీ భయమేసింది. చివరికి రాయిని అక్కడే వదిలేశారు. ఇప్పుడది మట్టి గుట్ట కింద ఎక్కడో ఉంది. కొత్త కాలనీలో టైల్స్ వేసిన చిన్న గుడి కట్టుకున్నారు, బజారులో కొన్న బొమ్మ పెట్టారు. "దండం పెడతం గానీ, అది మమ్మల్ని గుర్తుపట్టదు అనిపిస్తది" అన్నది అక్క.

తమ్ముళ్లారా, ఆ రాయి పోవడానికి మిషన్లు ఎంత కారణమో మన నిర్లక్ష్యం కూడా అంతే కారణం. మనిషి ఉన్నప్పుడు అడగలేదు. మనిషి లేనప్పుడు వెతుక్కున్నాం.

మనం బతుకుతున్న నేల సంగతి కూడా ఒకటి చెప్పుకుందాం. ఎందుకంటే ఇక్కడి పిల్లల్లో చాలామందికి మనం ఎక్కడినుంచో వచ్చి బొగ్గు ఊరి అంచున ఉంటున్నవాళ్లమనే భావన ఉంది. బొగ్గున్న ఈ రాతి పొరలకు భూగర్భ శాస్త్రంలో పేరేమిటో తెలుసా? గోండ్వానా. 1870ల్లో భారత భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు గోండుల నేల పేరునే ఆ రాళ్లకు పెట్టారు. తర్వాత ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ జూస్ దక్షిణ భూభాగాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్న మహాఖండానికి గోండ్వానా అని పేరు పెట్టాడు. ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో రాళ్లను చదివేవాళ్లు ఇవాళ్టికీ గోండుల పేరు పలకకుండా పాఠం చెప్పలేరు. ఇరవై ఐదు, ముప్పై కోట్ల ఏళ్ల కిందటి అడవే మన బొగ్గు. గనిలో పనిచేసే నాన్నలను అడగండి, బొగ్గు పొర పక్క రాతిలో ఆకు అచ్చు చూశారా అని. కొందరైనా చూశామంటారు.

1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిన శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్. అక్కడి ప్రధాన పొరకు కింగ్ సీమ్ అనే పేరు ఇప్పటికీ ఉంది. పొయ్యి రాళ్లుగా పెట్టుకున్న నల్ల రాళ్లు అంటుకోవడం చూసి అక్కడివాళ్లే ముందు కనుక్కున్నారని కూడా ఒక కథ చెబుతారు. ఆ పొయ్యి పెట్టినవాళ్ల పేరు ఏ పొరకూ లేదు. అదే కింగ్ 1877లో మంగపేట దగ్గర అడవిలో ఉన్న శిలువ ఆకారపు నిలువు రాళ్ల గురించి కూడా రాశాడు. అవి వేల ఏళ్ల కిందటి సమాధుల దగ్గర నిలిపిన రాళ్లు. మేడారం ఉన్న తాడ్వాయి మండలంలోనే దామరవాయి గుట్ట మీద పలకరాళ్లతో కట్టిన రాక్షస గుళ్లున్నాయి. వాటికి టికెట్ లేదు, గడ్డి కత్తిరించేవాళ్లు లేరు. కానీ ఓరుగల్లు తోరణాల కంటే అవి ఎంతో పాతవి. చనిపోయినవాళ్ల యాదికి రాయి నిలపడం కొన్ని కోయ, గోండు ఊళ్లలో ఇంకా ఉంది. మన అడవే ఒక శిల్పాల తోట. చూడటం మనకు ఎవరూ నేర్పలేదు, అంతే.

ఇప్పుడు మీలో కొందరి మనసులో ఉన్న మాట మేమే అంటాం. "ఉద్యోగాలు లేవు, మీరు రాళ్లంటారు, ముఖాలంటారు. కోచింగ్ ఫీజు గురించి మాట్లాడండి." న్యాయమైన మాటే. మాలోనూ గ్రూప్ ఫోర్ రాసి కూర్చున్నవాళ్లున్నారు. పాట నేర్చుకుంటే జీతం వస్తుందని మేము అబద్ధం చెప్పం. కానీ ఒకటి ఆలోచించండి. ఉషేగావ్‌లో ఓజలు మైనపు తీగలతో బొమ్మ అల్లి, మట్టి అచ్చు కట్టి, కరిగిన ఇత్తడి పోసి పేన్‌లను, గంటలను, దీపాలను చేస్తారు. ఆదిలాబాద్ డోక్రా అని దానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పని బతికింది ఎవరో దయతలచి కాదు. తండ్రి పక్కన కూర్చుని కొడుకు మైనం తీగ చుట్టాడు కాబట్టి బతికింది. చదువు మానేసి చేయమనడం లేదు. చదువుకుంటూనే, సెలవుల్లో, పండుగకు ఊరెళ్లినప్పుడు చేయగలిగిన పని గురించి చెబుతున్నాం.

యాత్ర తర్వాత మేము మొదలుపెట్టిన పనులు నాలుగు. చిన్న పనులే. మీరూ చేయవచ్చు.

ఒకటి. ప్రతి ఒక్కరం ఒక నోటుబుక్ పెట్టుకున్నాం. అందులో మా ఇంటిపేరు, గట్టు లేదా గోత్రం, మా పేన్ ఎక్కడుంది, పూజ ఎప్పుడు, ఎవరు చేస్తారు అన్నది రాస్తున్నాం. మొదటి పేజీ నింపడానికే మాలో చాలామందికి ఇంటికి మూడుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. అప్పుడే తెలిసింది మాకు ఎంత తెలియదో.

రెండు. ఊళ్లో ఉన్న రాళ్లు, గద్దెలు, దేవర ముఖాలు, పడిగెలు, డోళ్లు ఏమేం ఉన్నాయో జాబితా వేస్తున్నాం. పొడవు, వెడల్పు, ఏ వైపు మొహం, చుట్టూ ఏ చెట్టు. రేపు ఊరు కదలాల్సి వచ్చినా, రోడ్డు వచ్చినా, ఇది ఇక్కడ ఉండేది అని చూపించడానికి ఒక కాగితం ఉండాలి. కోర్టులోనైనా, గ్రామసభలోనైనా నోటిమాట కంటే కొలత వేసిన కాగితం ఎక్కువసేపు నిలబడుతుంది.

మూడు. పెద్దల గొంతు రికార్డు చేస్తున్నాం. ఇక్కడ ఒక జాగ్రత్త. ఫోన్ చేతిలో ఉంది కదా అని ముందు అడగకుండా తీయొద్దు. కొన్ని పాటలు బయటివాళ్లు వినకూడదు, కొన్ని ముఖాలు కొలుపు రోజున తప్ప చూపకూడదు. పటేల్, కటోడా, తలపతి ఎవరైతే వాళ్లు వద్దంటే వద్దు. యూట్యూబ్‌లో పెట్టడానికి కాదు, ముందు మనం వినడానికి. మొదటి రికార్డింగులో మాకు గాలి చప్పుడు, కోళ్ల అరుపులు తప్ప ఏమీ రాలేదు. రెండోసారి కొట్టంలో కూర్చోబెట్టి తీశాం. అమ్మమ్మ ఒక్కతే గంటసేపు పాడింది. చివర్లో "ఇన్నేండ్లకు అడిగిండ్రా బిడ్డా" అన్నది.

నాలుగు. ఒక్కొక్కరం ఒక్కటి నేర్చుకుంటున్నాం. ఒకటే. డోలు మీద ఒక దరువు, లేదా ఒక పాట, లేదా ఒక అడుగు. రికార్డింగు కాగితం లాంటిది, నేర్చుకున్నది విత్తనం లాంటిది. కాగితం దాచుకోవచ్చు గానీ మొలకెత్తేది విత్తనమే.

అటక మీద ముఖం సంగతి చెప్పలేదు కదా. అది అమ్మలేదు. మేము చందాలు వేసుకుని అప్పు తీర్చలేదు, అంత డబ్బు మా దగ్గర లేదు. ఆ తమ్ముడు వాళ్ల తాతతో కలిసి ఆడిన ఒక ముసలాయన పక్క మండలంలో ఉన్నాడని తెలిసి, ఆదివారం ఇద్దరం వెంట వెళ్లాం. ఆయనకు చూపు తగ్గింది. ముఖాన్ని ఒళ్లో పెట్టుకుని చేత్తో తడిమి, గుర్రం చెవి దగ్గర చిన్న పగులు తగిలితే, "ఇది నా చేతుల్నే పడ్డది, ఆ ఏడు వాన దంచికొట్టింది" అన్నాడు. తర్వాత లేచి నిలబడి, భుజాలు ఎలా వంచాలో, బరువు మెడ మీద కాకుండా నడుము మీద ఎలా దించుకోవాలో చూపించాడు. మా తమ్ముడు ఇప్పుడు నెలకు రెండుసార్లు పోతున్నాడు. ఇంకా సరిగ్గా రాలేదు. పర్వాలేదు, పోతున్నాడు. ఇంట్లో అప్పు ఇంకా ఉంది. వాళ్లమ్మ మాత్రం కొనేవాళ్లకు ఈసారి సూటిగా జవాబు చెప్పింది.

ఓరుగల్లుకు మీరూ వెళ్లండి. తప్పకుండా వెళ్లండి. అది మనది కాదని చెప్పడానికి మేము ఇదంతా చెప్పలేదు. బండ చీల్చిన చేతులు ఎవరివో మనకు తెలుసు, కాబట్టి ఆ తోరణంలో మనకూ పాలుంది. వెళ్లినప్పుడు నందుల మీద ఎక్కొద్దు, రాతి మీద పేర్లు గీయొద్దు. పక్క నుంచి చూడండి. తర్వాత మా చెల్లె అడిగిన ప్రశ్న మీరూ అడుక్కోండి. ఆ ప్రశ్నకు జవాబు కోటలో దొరకదు. అది తెలుసుకోవడానికైనా కోటకు వెళ్లి రావాలి.

మా బృందం రెండో యాత్ర దసరా సెలవుల్లో. ఈసారి రైలు ఎక్కం. వరుసగా మన ఊళ్లకే, ఒక్కో రోజు ఒక్కో ఊరు. మొదట పోయేది ఓపెన్‌కాస్ట్ పక్కన ఇంకా మిగిలి ఉన్న ఒక ఊరికి. అక్కడ ఊరి చివర ఇప్ప చెట్టు కింద రాయి ఉంది. దాన్ని కదిలించే పాట తెలిసిన అవ్వ ఉంది. వయసు ఎంతంటే ఆమెకే లెక్క లేదు. ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుని, నోటుబుక్కులు పట్టుకుని, వచ్చేవాళ్లు ఈ సభ అయ్యాక మా దగ్గర పేర్లు ఇవ్వండి. సద్ది ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

రాయి ఆగుతుంది. అవ్వ ఆగదు.

జోహార్ సమ్మక్క సారలమ్మలకు. జోహార్ కుమ్రం భీంకు. జై ఆదివాసీ.